అప్‌డేట్: ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు

ఇంగ్లండ్‌లో నా పీహెచ్‌డీ గైడ్ వేధింపులపై ఫిర్యాదు చేస్తే, యూనివర్సిటీ వాళ్లు పరిహారం ఇస్తాం, బయట ఎక్కడా నోరు విప్పనని సంతకం పెట్టమన్నారని పోయిన నెల అడిగాను కదా. పెట్టలేదు.

మీలో ఒకరు చెప్పిన చట్టం చదివాను. 2025 ఆగస్టు 1 నుంచి అక్కడి యూనివర్సిటీలు లైంగిక వేధింపులు, బెదిరింపుల ఫిర్యాదుల్లో ఇలాంటి ఒప్పందాలు చేసుకోకూడదు. ఆ సంగతే యూనివర్సిటీకి మెయిల్‌లో రాశాను. తొమ్మిది రోజులు జవాబు లేదు, నిద్రపట్టని టెన్షన్. తర్వాత కొత్త కాగితం వచ్చింది. నాలుగో పేజీలో 'కుటుంబ సభ్యులతో సహా ఎవరికీ' అన్న పేరా మొత్తం తీసేశారు. పరిహారం తగ్గలేదు.

ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నాకంటే ముందు సంతకం పెట్టిన అమ్మాయిలు ఎంతమందో అన్నదే ఇంకా మనసులో మెదులుతోంది.