అప్‌డేట్: బాల్టిక్ సముద్రంలో మునిగిన చెక్క ఓడ దగ్గరికి 60 మీటర్ల లోతు డైవ్ చేసి వచ్చాం

4 డిగ్రీల నీళ్లలో డైవ్‌కి హీటెడ్ వెస్ట్ (బ్యాటరీతో వేడెక్కే జాకెట్) ఎప్పుడు ఆన్ చేయాలని అడిగాను కదా, మీలో ఎక్కువమంది అడుగున వద్దు, పైకి వచ్చేటప్పుడే అన్నారు. అదే చేశాను. అడుగున వెచ్చగా ఉండి, డీకో స్టాపుల్లో (పైకి వస్తూ మధ్యమధ్య ఆగేటప్పుడు) బ్యాటరీ పోయి చలి పడితే డీకంప్రెషన్ సిక్‌నెస్ (ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలుగా మారి వచ్చే జబ్బు) రిస్క్ పెరుగుతుంది, ఆ మాట చెప్పినవాళ్లకి నిజంగా థ్యాంక్స్.

టెన్షన్ పడింది ఒక్కచోటే. 21 మీటర్ల దగ్గర 50 శాతం నైట్రాక్స్‌కి (సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్ ఉన్న గ్యాస్) మారగానే రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి గ్యాస్ అందించే పరికరం) గడ్డకట్టి ఫ్రీ ఫ్లో మొదలైంది, అంటే గ్యాస్ ఆగకుండా బయటికి పోయింది. ఆ సిలిండర్ వాల్వ్ మూసి, బ్యాక్ గ్యాస్ (వీపు మీది ప్రధాన సిలిండర్లలోది) పీలుస్తూ కాసేపు ఆగి మళ్లీ తెరిస్తే సర్దుకుంది. ఇకమీదట డీకో సిలిండర్లకి కూడా సీల్డ్ ఫస్ట్ స్టేజే (సిలిండర్‌కి బిగించే రెగ్యులేటర్ భాగం, లోపలికి నీళ్లు చేరని రకం) వాడతాను.

ఓడ సంగతి ఏం చెప్పను! బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచేసే ఓడపురుగు అక్కడ బతకలేదు, అందుకే డెక్ పలకలు, మాస్టు (తెరచాప స్తంభం) అడుగుభాగం ఇంకా అలాగే ఉన్నాయి. అడుగున పీల్చిన 18/45 ట్రైమిక్స్‌తో (18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్) బుర్ర స్పష్టంగా ఉంది, ప్రతి మేకూ గుర్తుంది. లోపలికి మాత్రం వెళ్లలేదు, ఫిన్ కాస్త కదిలితే చాలు బురద లేస్తోంది.