రాత్రిపూట వోకల్ రికార్డింగ్‌లో హమ్: ఎర్త్ వేయించాలా, ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా?

భీమవరం దగ్గర పల్లెలో ఉంటూ సొంతంగా ఎలక్ట్రానిక్ సోల్ పాటలు చేస్తున్నాను. లేబుల్ లేదు, తొలి ఈపీ (కొన్ని పాటల చిన్న ఆల్బమ్) అంతా పడగ్గదిలోనే. బీట్లు, సింథ్‌లు లాప్‌టాప్‌లోవే కాబట్టి వాటితో బాధ లేదు. చిక్కంతా గొంతు దగ్గరే.

రాత్రి పది దాటాక రికార్డింగ్‌లో గుయ్యిమని హమ్. చుట్టూ రొయ్యల చెరువులు, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు వేసేది ఆ వేళకే. వాటి చప్పుడు మాత్రం కాదు, మైకు పీకేసినా మీటరు కదులుతూనే ఉంటుంది. స్పెక్ట్రమ్‌లో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ముళ్లలా లేస్తోంది, అంటే కరెంటు హమ్మే. పగలు ఇంత ఉండదు గానీ, రోడ్డు మీద కూరగాయల ఆటోల మైకులు పాడనిస్తేగా!

కండెన్సర్ మైకు, దానికి కేబుల్‌లోంచే అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్, మైకును లాప్‌టాప్‌కు కలిపే, లాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకునే యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో. గెయిన్ తగ్గించాను, మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ మార్చాను, ఫ్యాను, ట్యూబ్‌లైటు ఆపాను. తేడా లేదు. ఇంటర్‌ఫేస్ ఇనప డబ్బా మీద వేలు ఆనిస్తే తగ్గుతుంది. ఛార్జర్ తీసేస్తే దాదాపు పోతుంది, కానీ బ్యాటరీ ముసలిది, టేకు మధ్యలోనే పడుకుంటుంది. ఆ హెర్ట్జ్‌లను మాత్రం కోసేసే నాచ్ ఫిల్టర్ పెడితే గొంతులో నిండుదనం పోతోంది, నాది కింది శ్రుతి. పైగా ఒకే లైను ఆరు పొరలుగా పాడి పెద్ద, చిన్న చప్పుళ్ల తేడా తగ్గించే కంప్రెసర్ వేస్తే హమ్ ఇంకా పైకి తేలుతోంది.

గోడ సాకెట్‌కు ఎర్త్ తీగే లేదని ఎలక్ట్రీషియన్ అన్నాడు. డబ్బు ఒక్కదానికే ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి: కొత్త ఎర్త్ గుంత తీయిస్తే ఈ హమ్ పోతుందా, మెయిన్ లైనుతో తీగ నేరుగా కలవకుండా కరెంటు ఇచ్చే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరే కొనాలా?