పాత కాగితాల్లో ముకాం దొరికింది సరే, కారణం దొరుకుతుందా?

కొత్తవాడ మనుమడు:
మా ఇంట్లో ఒక తగాదా నడుస్తోంది, కాస్త తేల్చి పెట్టండి. మా తాత జనగామ దగ్గరి పల్లె నుంచి వరంగల్ ఎందుకొచ్చాడు? బాపును అడిగితే ఒకటే మాట, "రజాకార్ల భయానికి." నేనూ చిన్నప్పటి నుంచి అదే నమ్మాను. మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీది రేకుడబ్బాలో మూడు కాగితాలు దొరికాయి.

మొదటిది ఉర్దూలో రాసిన కిరాయినామా. పక్కింటి చాచా చదివి చెప్పాడు. తాత పేరు, ముత్తాత పేరు, తర్వాత "సాకిన్" అని మా ఊరి పేరు, ఆ పక్కన "హాల్ ముకాం కొత్తవాడ", అంటే వరంగల్‌లో మేముంటున్న పేట. సొంతూరు అది, ప్రస్తుతం ఉంటున్నది ఇక్కడ అని. సంవత్సరం 1357. ఫోన్లో లెక్క చూస్తే హిజ్రీ 1357 అంటే 1938. రెండోది మహారాష్ట్రలోని భివండి నుంచి ఎవరో చుట్టం రాసిన కార్డు. అడ్రసు కొత్తవాడే, కానీ తాత పేరు కింద ఇంకొకాయన పేరుతో కేరాఫ్ ఉంది. మూడోది 1962 నాటి రేషన్ కార్డు, మిల్లు క్వార్టరు అడ్రసుతో.

వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు పెట్టింది 1934లో. 1938లో పల్లెల మీద రజాకార్ల దాడులు ఎక్కడివి? తాత వచ్చింది మిల్లు నౌకరీకే, భయం కథ తర్వాత అతికింది. ఇదీ నా వాదన. బాపు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

ఎదురుప్రశ్న:
అడ్రసు చూసి కారణం చెప్పడం జాతకం చెప్పినట్టే ఉంటుంది అన్నా. మా నాయన మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేశాడు, కాగితాల మీద ఆయన అడ్రసు ఇప్పటికీ పరకాలే. రేపు నా మనుమడు చూసి "ముత్తాత ఊరు దాటలేదు" అంటాడు.

పోనీ నీ లెక్కే తీసుకుందాం. మిల్లు కోసం 1938లో వచ్చినవాడు క్వార్టరు అడ్రసు మీదికి 1962లో కనబడటమేంటి? ఇరవై నాలుగేళ్లు కొత్తవాడలో ఏం చేశాడు? కొత్తవాడ అంటే మగ్గాలు, జంపఖానాలు. మీరు నేతవాళ్లేనా?

కొత్తవాడ మనుమడు:
నేతవాళ్లమే. అది రాయడం మరిచాను.

రిటైర్డ్ గిర్దావర్:
బాబూ, ముందు ఆ కిరాయినామాలో నెల పేరేముందో చాచాతో మళ్లీ చదివించు. మొహర్రం, సఫర్, రంజాన్ లాంటిది ఉంటే హిజ్రీ. ఆజూర్, దై, బహ్మన్, ఖుర్దాద్ లాంటిది ఉంటే ఫస్లీ, అంటే నిజాం సర్కారు వాడిన వేరే సంవత్సర లెక్క. నిజాం కాలంలో సర్కారు కాగితాలు ఎక్కువగా ఫస్లీలోనే నడిచేవి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. ఆజూర్ నెల అక్టోబర్లో పడేది కాబట్టి 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. హిజ్రీ అనుకున్నావా, పదేళ్లు వెనక్కి పోయావు. నా సర్వీసులో ఇదే పొరపాటు మీద కొట్లాటకు దిగిన అన్నదమ్ములను చూశాను. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే కాగితం!

ఇంకోటి. జిల్లా నల్లగొండ అని ఉంటే గాబరా పడకు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోదే, వరంగల్‌లో కలిసింది తర్వాత. ఇది తెలియక "మా ఊరు కాదు" అని అసలు కాగితాన్నే పక్కన పడేసేవాళ్లున్నారు.

పోచమ్మమైదాన్:
ముల్కీ సర్టిఫికెట్ వెతకండి, అదే స్థానికుడని ఇచ్చిన కాగితం. పదిహేనేళ్ల నివాసం చూపించాల్సి ఉండేది కాబట్టి ఎప్పుడొచ్చారో అందులోనే తేలిపోతుంది.

రిటైర్డ్ గిర్దావర్:
తేలదు. ముల్కీకి కావలసింది హైదరాబాద్ రాష్ట్రంలో పదిహేనేళ్లు. పల్లెలో ఉన్నా పట్నంలో ఉన్నా ఒకటే లెక్క. అడ్రసు దగ్గర గుమస్తా ఆ రోజు ఎక్కడుంటే అది రాసుకునేవాడు. పాత డోర్ నంబర్లదీ అదే తంతు, వార్డులు మారినప్పుడల్లా నంబరు మారింది. ఇల్లు కదలకపోయినా రెండు మూడు అడ్రసులు కనబడతాయి.

కొత్తవాడ మనుమడు:
గిర్దావర్ సార్, మీకు దండం. నెల అమర్దాద్, జిల్లా నల్లగొండ. అంటే 1948 జూన్ ప్రాంతం. పోయి బాపుకు చెప్పాను. ఏమీ అనలేదు గానీ నాకూ ఒక చాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు.

ఎదురుప్రశ్న:
అంత తొందరగా బాపును గెలిపించకు. తారీఖు కలిసింది, ఒప్పుకుంటాను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపినప్పటి నుంచి ఆ తాలూకాలో ప్రశాంతంగా నిద్రపోయిన ఊరు తక్కువ. నువ్వు చెప్పిన జూన్ తర్వాత రెండు నెలలకే, ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత. కానీ సెప్టెంబర్ 17కు నిజాం లొంగిపోయాడు కదా. భయానికి ఊరిడిచినవాళ్లు ఎంతోమంది మళ్లీ ఊళ్లకు పోయారు. మీ తాత పోలేదు. ఎందుకు వచ్చాడని కాదు, ఎందుకు ఆగిపోయాడని అడుగు.

నా అనుమానం నూలు మీద. యుద్ధ కాలం నుంచి నూలు కంట్రోల్లో ఉండేది. పల్లెలో మగ్గం ఉంటే సరిపోదు, నూలు అందాలి. పట్నంలో సేఠ్ నూలిచ్చి కూలికి నేయించుకుంటాడు. రజాకార్ల పేరు చెప్తే గౌరవంగా ఉంటుంది, పని దొరకక వచ్చామంటే నామోషీ. అందుకే ఆ కాలంలో పట్నమొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకటే కథ వినబడుతుంది.

రిటైర్డ్ గిర్దావర్:
ప్రతి ఇంట్లోనూ ఉందంటే అబద్ధమనేనా? నేనూ ఆ వైపు వాణ్నే. మా అమ్మ చేతి వెండి కడియాలు బాయిలో వేసి వచ్చింది. గౌరవం కోసం ఎవరూ కడియాలు బాయిలో వేసుకోరు నాయనా.

ఎదురుప్రశ్న:
అది నిజమే సార్. మాట కొంచెం ఎక్కువే అన్నాను. నూలు సంగతి మాత్రం వదలను.

మడికొండ కోడలు:
ఇంతసేపూ తాత, తాత అంటున్నారు. ఆ కార్డు మీది కేరాఫ్ ఎవరో ఒక్కరూ అడగలేదు. ఇంటిపేరు చూడు తమ్ముడూ.

కొత్తవాడ మనుమడు:
చూశాను అక్కా. మా ఇంటిపేరు కాదు. బాపమ్మ పుట్టింటివాళ్లది.

మడికొండ కోడలు:
నేను అనుకున్నదే. పట్నంలో మొదటి గూడు చాలాసార్లు ఆడవాళ్ల వైపు నుంచే దొరుకుతుంది. తమ్ముడో, మేనమామో, చెల్లెలి అత్తగారో ఎవరో ఒకరుంటారు. కాగితాల్లో మాత్రం ఆడమనిషి కనబడదు. 1951-52 మొదటి ఎన్నికలకు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు ఓటరు జాబితాలోంచి తీసేశారు, "ఫలానా వాళ్ల భార్య, ఫలానా వాళ్ల కూతురు" అనే తప్ప సొంత పేరు రాయించుకోలేదని. ఎక్కువ ఉత్తరాదిలోనే అనుకోండి. మీ ఇంట్లో ముసలామె ఎవరైనా ఉంటే ఆ కాగితాలు మూసి ముందు ఆమెను అడుగు.

కొత్తవాడ మనుమడు:
నిన్న కరీమాబాద్ పోయి మా పెద్ద మేనత్తను అడిగాను. ఎనభై దాటింది. చెవులు సరిగా వినబడవు, కానీ ఈ ప్రశ్న మాత్రం మొదటిసారికే వినబడింది.

"మీ తాత యాడొచ్చిండురా మొదాల! మీ బాపమ్మ నన్ను, మీ పెద్దబాపును ఎంటేసుకొని జనగామల రైలెక్కింది. సంక్రాంతి ముగ్గులింక చెరగలే. మా మామ ఇంట్ల దిగినం. మీ తాత మగ్గం ఇడిసి రానన్నడు. ఎండకాలం పొయ్యి వానలు పడేటప్పుడు వచ్చిండు, గప్పుడు కిరాయిల్లు తీసుకున్నం."

అంటే నా కిరాయినామా తాత వచ్చిన తారీఖు చెప్తోంది. బాపమ్మ అప్పటికే ఐదారు నెలలుగా కొత్తవాడలో ఉంది. ఆమె రాకకు ఒక్క కాగితం లేదు. బాపు పుట్టింది ఇక్కడికి వచ్చాక, 1951లో. ఆయనదీ విన్న మాటే.

ఎందుకొచ్చింది అంటే అత్త కాసేపు చేతులు పిసుక్కుంది. ఊళ్లో తుపాకుల చప్పుడు వినబడితే బాపమ్మ పిల్లలిద్దరినీ మగ్గం గుంటలో కూర్చోబెట్టి మీద పడుగు కప్పేదట. ఒకసారి బూట్లు గడప దాకా వచ్చాయి. పెద్దబాపుకు దగ్గొచ్చింది. అత్త వాడి నోట్లో తన పిడికిలి కుక్కింది. బూట్లు వెళ్లిపోయాయి. ఆ పిడికిలి మీద పళ్లు దిగిన మచ్చ నాకు చూపించింది. నేను ఇన్నేళ్లుగా అది కత్తిపీట గాటు అనుకుంటున్నాను.

మిల్లు నౌకరీ చాలా తర్వాత, పెద్దబాపుకు వచ్చింది. క్వార్టరు ఆయన పేరు మీదే. తాత ఎప్పుడూ మిల్లు గేటు లోపలికి పోలేదు.

ఎదురుప్రశ్న:
ఆ మచ్చ ముందు నా వాదన నిలబడదు. కానీ తిరిగి ఎందుకు పోలేదో అడిగావా? నూలు?

కొత్తవాడ మనుమడు:
అడిగాను. "ఇంక పోదాం పా అని మీ తాత ఏడాదికోసారి అనెటోడు. ఆ గుంటల మళ్ల కాలు వెట్టనన్నది మీ బాపమ్మ" అంది. నూలు గురించి అడిగితే నవ్వింది. "నూలు ఇంటికి తెచ్చింది మా మామ. సేఠ్ దగ్గర జమానతు ఉన్నదీ ఆయనే" అంది, అంటే పూచీ పడ్డది. నీ నూలూ ఉంది, అక్క చెప్పిన కేరాఫూ ఉంది. ఆదివారం మళ్లీ పోతున్నాను. ఈసారి బాపు కూడా వస్తానన్నాడు.