1803 లార్జ్ సెంట్: ఎస్ నంబరు తేల్చడం ఎలా?

తామ్రపత్రి
1803 లార్జ్ సెంట్ (అమెరికా పాత పెద్ద రాగి సెంటు) ఒకటి. బరువు 10.3 గ్రాములు, అంచు నున్నగా ఉంది. బొమ్మ వైపు జుట్టు దాదాపు అరిగిపోయింది గానీ తేదీలో నాలుగంకెలూ చదవొచ్చు. బొరుసు వైపు ఆకుల దండ ఉంది, బెర్రీలు మాత్రం లెక్కకు అందడం లేదు. ఈ ఏడాదికి షెల్డన్ కేటలాగులో ఎస్-243 నుంచి ఎస్-265 దాకా 23 నంబర్లున్నాయి; ఒక్కో నంబరు ఒక్కో డైల (అచ్చు దిమ్మల) జత, అంటే ఒక్కో వెరైటీ. అన్ని ఫొటోలతోనూ పోల్చి చూడాల్సిందేనా, దగ్గరి దారి ఉందా?

ఫిల్లీ_రాగి
ఫొటోలతో మొదలుపెట్టకండి. పదో ఫొటోకి వచ్చేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముందు గుంపు తేల్చుకోండి.

తేదీలో మొదటి అంకె 1 చూడండి. దాని తల మొద్దుగా ఉంటే చిన్న తేదీ, మొనదేలి ఉంటే పెద్ద తేదీ. పెద్ద తేదీ అయితే మిగిలేవి ఎస్-264, ఎస్-265 రెండే. బొరుసు తిప్పి దండ కింద భిన్నం (1/100) చూడండి: అంకెలు చిన్నవైతే 264, పెద్దవైతే 265. అంతటితో పని అయిపోయింది.

చిన్న తేదీ అయితే కొంచెం ఓపిక కావాలి. అక్కడ కూడా ముందు వింతల్ని పక్కకు తీయండి. రిబ్బను ముడి కింద కాడలు రెండూ లేకపోతే 243. భిన్నంలో ముందు 1/000 కొట్టి దాన్ని 1/100గా దిద్దిన జాడ ఉంటే 249. ఆ తర్వాత భిన్నం చిన్నదా పెద్దదా అని విడదీయండి. ఇవన్నీ దాటాకే అక్షరాల స్థానాల దగ్గరికి వెళ్ళాలి.

స్థానాలు ఎందుకు పనికొస్తాయంటే, ఆ రోజుల్లో ఫిలడెల్ఫియా మింటులో (టంకశాలలో) తల బొమ్మ హబ్‌తో (ఉబ్బెత్తు బొమ్మ ఉన్న ఉక్కు ముద్రతో) డైలోకి దిగేది. అక్షరాలు, అంకెలు విడివిడి పంచ్‌లతో (చిన్న ఉక్కు ముద్రలతో) ఒక్కొక్కటిగా చేత్తో కొట్టేవారు. అందుకే ఏ రెండు డైలలోనూ ఎడం ఒకేలా ఉండదు. కాడలు చెక్కడం మరిచిపోయిన డైలు కూడా అందుకే ఉన్నాయి. 1801లో ఎస్-219 చూడండి: భిన్నం 1/000, ఒక కాడ లేదు, యునైటెడ్‌లో మొదటి అక్షరం యు బదులు రెండు ఐలు. ఒకే డైలో మూడు తప్పులు!

గోదారిగట్టు
ఫిల్లీ గారు చెప్పిందానికి చిన్న చేర్పు. స్థానాన్ని నాణెం అంచు నుంచి ఎప్పుడూ కొలవకండి. బ్లాంకు (అచ్చు వేయని రాగి బిళ్ళ) పక్కకు జరిగి అచ్చు పడితే అంచు అబద్ధం చెబుతుంది. డైలో ఉన్నదాన్ని డైలో ఉన్నదానితోనే కొలవాలి: లిబర్టీలో ఆర్ అక్షరం జుట్టుకి ఎక్కడ వస్తోంది, 3 భుజం గుడ్డకి ఎంత దగ్గరగా ఉంది, ఆకు మొన ఏ అక్షరం ఏ కాలు కిందకి వస్తోంది, భిన్నం గీత ఏ సున్నా దగ్గర ఆగుతోంది. ఇలాంటివి నాలుగు కలిస్తే చాలు.

అరిగిన నాణెంలో అక్షరాల కొసలు ముందు పోతాయి. కాబట్టి కొసల నుంచి కాకుండా అక్షరం నిలువు కాలి మధ్య నుంచి చూడండి.

ఎడిసన్_కాసులు
లైటింగ్ సరిగ్గా లేకపోతే ఇవేవీ కనబడవు. గదిలో మిగతా దీపాలు ఆర్పేయండి. ఒకే టేబుల్ లాంప్, నాణేనికి 10–15 డిగ్రీల ఎత్తులో. లాంప్ కదపకుండా నాణేన్ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. నల్లగా ఉన్న రాగి మీద, పై నుంచి పడే వెలుతురులో మాయమైన భిన్నం పక్క వెలుతురులో పైకి తేలుతుంది. 10 ఎక్స్ లూప్ (చేతి భూతద్దం) చాలు, తొలి చూపుకి 5 ఎక్స్ ఇంకా సుఖం. మైక్రోస్కోప్ పెడితే ఒక అక్షరమే కనిపిస్తుంది, పక్క అక్షరంతో పోలిక పోతుంది.

ఫోన్‌తో తీసేటప్పుడు కెమెరా నాణేనికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. తర్వాత ఏదైనా లేయర్లున్న యాప్‌లో రిఫరెన్స్ ఫొటో మీద మీ ఫొటోను 50 శాతం పారదర్శకంగా పెట్టండి. దూరంగా ఉన్న రెండు గుర్తుల్ని, అంటే లిబర్టీలో ఎల్ కాలుని, తేదీలో చివరి అంకెని కలపండి. అదే డై అయితే మిగతావన్నీ వాటంతటవే కూర్చుంటాయి. మూడో గుర్తు జారిందంటే ఆ నంబరు వదిలేయండి. సర్దుబాటు చేసి ఇరికించకండి.

తామ్రపత్రి
ధన్యవాదాలు. బొరుసు వైపు ఎన్ అక్షరం నుంచి అంచు దాకా ఒక గీత ఉంది. అది డై పగులా, గీరుకుపోయిందా? అలాగే భిన్నం దగ్గర మట్టి గట్టిగా పట్టేసింది. ఇంట్లో చింతపండు పెట్టి తోమమంటున్నారు.

ఫిల్లీ_రాగి
చింతపండు వద్దే వద్దు! నిమ్మచెక్క కూడా వద్దు. పులుపు రాగి పైపొరను తినేస్తుంది. నాణెం గులాబీ రంగుకి తిరిగి విలువ సగానికి పైగా పడిపోతుంది, పోయిన రంగు మళ్ళీ రాదు. గ్రీజు, మెత్తటి మట్టికి జైలీన్ అనే ద్రావకం వాడతారు: గాజు గిన్నెలో కొన్ని గంటలు నానబెట్టి, మెత్తటి ఒంటె వెంట్రుకల బ్రష్‌తో ఒకే దిశలో తేలిగ్గా. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా. చిలుము మాత్రం దానికి కరగదు, అది వేరే పని.

గీత సంగతి: డై పగిలితే ఆ సందులోకి రాగి వెళ్ళి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. గీరితే గాడి పడుతుంది. పక్క లైటులో నీడ ఏ వైపు పడుతోందో చూస్తే తేలిపోతుంది.

గోదారిగట్టు
పగులు గురించి ఇంకో మాట, దీని దగ్గరే చాలామంది పొరబడతారు. పగులు ఉంటే అది ఆ డై అనడానికి బలమైన సాక్ష్యం. లేకపోతే ఆ డై కాదని చెప్పలేం. డై కొత్తగా ఉన్నప్పుడు కొట్టిన నాణెంలో పగులు ఉండదు కదా. 1804 ఎస్-266 దీనికి మంచి ఉదాహరణ: మొదటి స్థితిలో రెండు డైలూ నిండుగా ఉంటాయి, తర్వాత బొమ్మ వైపు ఆర్-టి-వై పైన అంచు విరుగుతుంది, ఆ తర్వాత బొరుసున అమెరికాలో ఎం-ఇ-ఆర్-ఐ-సి పైన కూడా విరుగుతుంది. మూడూ ఒకే వెరైటీ.

బొమ్మతో పోలిస్తే బొరుసు డై కోణం తిరిగి ఉండటాన్ని కూడా వెరైటీ గుర్తుగా లెక్కపెట్టకండి. ఒకే వెరైటీలో పది రకాలుగా ఉంటుంది.

ఎడిసన్_కాసులు
1804 మాట వచ్చింది కాబట్టి: ఆ ఏడాదికి వెరైటీ ఒక్కటే, అందుకే నకిలీ పట్టుకోవడం తేలిక. తేదీలోని 0 మీద బొటనవేలు, వెనక చూపుడు వేలు పెట్టి పట్టుకుని తిప్పండి. అసలుదైతే 0కి ఎదురుగా బొరుసున ఆఫ్‌లోని ఓ వస్తుంది. 1803ని 1804గా దిద్దినవి ఇక్కడే దొరికిపోతాయి. 1860 ప్రాంతంలో మింటు బయట కొట్టిన రీస్ట్రైక్ (పాత డైలతో తర్వాత కొట్టిన నాణెం) వేరే కథ: దిద్దిన 1803 డైకి 1820 నాటి బొరుసు కలిపారు. 1799 కూడా అంతే, 1798లో 8ని గీకి 9 చేస్తారు. తేదీని నమ్మకుండా డై ఎస్-188దో 189దో అని ముందు తేల్చాలి.

కాసుల_పేరు
ఈ ఎస్ నంబర్లు 1814 దాకా. 1816 నుంచి న్యూకమ్ నంబర్లు, ఎన్-1, ఎన్-2 అని. 1840ల్లో తేదీ మొత్తాన్ని నాలుగంకెల ఒకే పంచ్‌తో కొట్టేవారు. అంకెల మధ్య ఎడం చూసి లాభం లేదు, మొత్తం తేదీ ఎంత ఎత్తులో, ఎంత వాలుగా ఉందో చూడాలి. పంచ్ తలకిందులుగా పడి మళ్ళీ సరిచేసినవి కూడా ఉన్నాయి: 1844 ఎన్-2, 1851 ఎన్-3, రెండింటిలోనూ తేదీ కింద తలకిందులైన 18 కనిపిస్తుంది. 1855 ఎన్-9లో చెవి మీద బుడిపె డై విరుగుడే, స్థితి ముదిరేకొద్దీ పెద్దదవుతుంది. హాఫ్ సెంట్లకి కోహెన్ నంబర్లు. 1804 హాఫ్ సెంటులో గడ్డం నుంచి పొడుచుకొచ్చిన ముల్లు చూసి నంబరు రాసేయకండి, అదే బొమ్మ డై వేర్వేరు బొరుసులతో వాడారు.

గోదారిగట్టు
చిన్న పక్కదారి. 1803 సెంట్ల రాగి బ్లాంకులు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి సోహో మింటు యజమాని బౌల్టన్ పంపినవి. మన వైపు పాత పెట్టెల్లో దొరికే 1808 నాటి 10, 20 కాసుల ఈస్టిండియా కంపెనీ నాణేలు కూడా అదే సోహో మింటువి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి: కంపెనీ నాణేలు ఆవిరి యంత్రం మీద వరసగా కొట్టినవి, డై తేడాలు వెతకడం కష్టం. ఈ సెంట్లు చేత్తో తిప్పే స్క్రూ ప్రెస్సు మీద కొట్టినవి, అక్షరం అక్షరానికీ తేడాయే.

తామ్రపత్రి
గీత గాడే, పగులు కాదు. జైలీన్ తర్వాత భిన్నం తేలింది. తేదీలో 1 తల మొనదేలి ఉంది, భిన్నం అంకెలు పెద్దవి. 265 అనుకోవచ్చా?

ఫిల్లీ_రాగి
ఒకటి మాత్రం చూడండి: మొన డైలో ఉన్నదా, దెబ్బ తగిలి వచ్చిందా అని. లూప్‌లో 1 తల చుట్టూ లోహం తోసుకుపోయినట్టుంటే అది దెబ్బ. లేకపోతే 265. 264కే గిరాకీ ఎక్కువ కాబట్టి అమ్మేవాళ్ళు ఇటు నుంచి అటు మార్చి రాస్తుంటారు, భిన్నం మళ్ళీ ఒకసారి చూసుకోండి. తర్వాత కవరు మీద నంబరు, డై స్థితి, బరువు, గాడి ఉన్న చోటు పెన్సిల్‌తో రాసి పెట్టండి. ప్లాస్టిక్ కవరు అయితే పీవీసీ లేనిది. పీవీసీ ఉంటే రాగికి పచ్చటి జిగురు పడుతుంది.

తామ్రపత్రి
లోహం తోసుకుపోలేదండీ. భిన్నం ఫొటో పక్క లైటులో తీసి రేపు పెడతాను.