టిక్ టిక్ మంటున్న పాత 21 అంగుళాల టీవీ: కొత్త ట్రాన్సిస్టర్ కూడా షార్టేనా?

నాన్న కొన్న పిక్చర్ ట్యూబ్ టీవీ ఇది. ఎలాగైనా బాగుచేయాలని ఉంది. స్విచ్ వేస్తే టిక్ టిక్ శబ్దం, బొమ్మ లేదు. బొమ్మను అడ్డంగా గీయించే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ డి1555 (దీనికి మూడు కాళ్ళు: బేస్, కలెక్టర్, ఎమిటర్). బోర్డు మీద బేస్, ఎమిటర్ మధ్య మీటర్ బీప్ కొట్టింది, అంటే షార్ట్ అన్నట్టు. విప్పి చూస్తే 45 ఓమ్‌లు. కొత్తది తెచ్చా, అదీ 45 చూపిస్తోంది! నకిలీదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఫ్లైబ్యాక్ (పిక్చర్ ట్యూబ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) పోయి ఉంటుంది, మార్చేయండి.

జవాబు 2: తొందరపడి ఫ్లైబ్యాక్ కొనకండి. మీ రెండు ట్రాన్సిస్టర్లూ బాగానే ఉన్నట్టున్నాయి. ఈ రకంలో బేస్, ఎమిటర్ మధ్య చిన్న రెసిస్టర్ లోపలే ఉంటుంది, ఆ 45 దానిదే. బోర్డు మీద బీప్ రావడానికి కారణం ఆ బేస్‌కి సిగ్నల్ అందించే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట. నేను నేర్చుకునే రోజుల్లో ఇలాగే మంచివి మూడు పారేశాను, ఇప్పటికీ బాధే. చూడాల్సింది కలెక్టర్, ఎమిటర్ మధ్య. డయోడ్ మోడ్‌లో ఒకవైపు 0.5 దగ్గర, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. రెండువైపులా సున్నా అయితేనే షార్ట్.

తర్వాత ట్రాన్సిస్టర్ తీసేసి ఉంచి, బి ప్లస్ లైనుకీ (ఈ ట్రాన్సిస్టర్ భాగానికి సప్లై ఇచ్చే మెయిన్ వోల్టేజ్ లైను) సెకండరీ గ్రౌండ్‌కీ (సప్లై ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైపు గ్రౌండ్) మధ్య 60 వాట్ల బల్బు కట్టి టీవీ ఆన్ చేయండి. బల్బు దగ్గర మీటర్ 110 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటే సప్లై మంచిదే. బల్బు వెలిగి ఆరుతూ కొట్టుకుంటే తప్పు సప్లైలోనే. మీటర్ నల్ల వైరు ప్రైమరీ (కరెంటు ప్లగ్) వైపు గ్రౌండ్‌కి పెడితే రీడింగ్ తప్పు వస్తుంది. ఇంకోటి, ప్లగ్ తీశాక కూడా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌లో 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా, బల్బు వైర్లు ఆనించి ఆ చార్జ్ దించండి. దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న వేసినవారు: కలెక్టర్, ఎమిటర్ మీరు చెప్పినట్టే ఉన్నాయండీ. బల్బు మాత్రం టిక్ టిక్‌తో పాటే కొట్టుకుంది.

జవాబు 2: అయితే సప్లైలో హీట్ సింక్ పక్కనున్న చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఒక్కోటీ విప్పి కొలవండి. ఉబ్బకపోయినా వేడికి లోపల ఎండిపోతాయి.

ప్రశ్న వేసినవారు: దొరికింది! 47 మైక్రోఫారడ్‌ది 6 చూపించింది. మార్చాక 110 నిలబడింది, పాత ట్రాన్సిస్టరే పెట్టా, బొమ్మ వచ్చింది! అమ్మ చూసి కళ్ళు తుడుచుకుంది. పైన మాత్రం బొమ్మ కాస్త మడత పడుతోంది.

జవాబు 2: చాలా సంతోషం అండీ. ఆ మడతకి వర్టికల్ ఐసీ (బొమ్మను నిలువుగా పరిచే చిప్) పక్కనున్న 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చి చూడండి.