‘తెలిసి’ చెప్పలేదా, ‘తెలిసీ’ చెప్పలేదా?

పాత చందమామ: భేతాళుడి బెదిరింపు చిన్నప్పటి నుంచి నోట నానుతున్నదే. తీరా వ్యాసానికి శీర్షికగా రాయబోతే కలం ఆగింది. ‘తెలిసి చెప్పకపోయావో’ అనా, ‘తెలిసీ చెప్పకపోయావో’ అనా? 1956 డిసెంబరు 5న అమెరికా టీవీ ఎన్‌బీసీ వారి ‘ట్వంటీ వన్’ క్విజ్ పోటీలో హెర్బ్ స్టెంపెల్ ఓటమి గురించి రాస్తున్నాను. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దేనికి వచ్చిందంటే ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ అన్నాడు. సరైన జవాబు ‘మార్టీ’. అతనికి ఎంతో ఇష్టమైన సినిమా! ఓడిపొమ్మని నిర్మాతలు ముందే చెప్పి ఉంచారు. ఇతని ‘తెలిసి’కి దీర్ఘం ఉండాలా?

గుంటూరు మాస్టారు: ఉండాలి. ‘తెలిసియు’లో ‘యు’ పోగా మిగిలిన దీర్ఘం అది. తీసేస్తే ‘కూడా’ అన్న అర్థం పోతుంది.

ఛందోబద్ధుడు: ‘తెలిసి చేసిన తప్పు’లో దీర్ఘమేదీ మాస్టారూ? బుద్ధిపూర్వకంగా అని కదా అర్థం. దీర్ఘం పెడితే స్టెంపెల్ మీద జాలి, తీస్తే నేరం.

అరణ్యవాసి: భేతాళుడు దేనికి? ‘యక్షప్రశ్న’ అనండి. నన్నయ గారి యక్షుడుండగా!

గుంటూరు మాస్టారు: తెలుగు భారతంలో నన్నయ ‘శారదరాత్రుల’ పద్యం దగ్గరే ఆగారు. అరణ్యపర్వం చివరి యక్షుడు ఎర్రన సొత్తు. పైగా ధర్మరాజు తెలిసినవన్నీ చెప్పి తమ్ముళ్లను బతికించుకున్నాడు, దాచలేదు. ఎర్రన పేరు వచ్చింది కనుక అంటున్నాను, నన్నయ వెన్నెల రాత్రి దగ్గర వదిలితే ఆయన ‘స్ఫురదరుణాంశురాగ’ అంటూ తెల్లవారించాడు. అతుకు కనబడుతుందా?

ఛందోబద్ధుడు: కనబడుతుంది. చెవికి.

అరణ్యవాసి: తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. పోనీ, ‘మిలియన్ డాలర్ల ప్రశ్న’? 1940లో మొదలైన రేడియో పోటీలో ఆఖరి ప్రశ్న విలువ 64 డాలర్లే. 1955లో టీవీకెక్కి 64,000 అయింది. మన పత్రికల దాకా వచ్చేసరికి మిలియన్!

ఛందోబద్ధుడు: నాకు ‘ప్రత్యక్ష ప్రసారం’ అన్న మాటతోనే పేచీ. ‘ట్వంటీ వన్’లో పోటీదారుకు చెమట పట్టాలని గాజుగదిలో ఏసీ ఆపేవారట. చెమట ప్రత్యక్షం, పోటీ మాత్రం కాదు.

పాత చందమామ: అయ్యా, శీర్షిక రేపు పంపాలి. హ్రస్వమా, దీర్ఘమా?

గుంటూరు మాస్టారు: దీర్ఘమే. ‘మార్టీ’ చివర కూడా అదేగా, అతను మింగేసినది! ఇంతకీ ఛందోబద్ధుడు గారూ, ఆ అతుకు మీకు ఏ పాదంలో వినబడింది?