పాత ఊరి దిబ్బ ఏ సర్వే నంబరులో పడుతుందో తేల్చడం ఎలా?

మెకంజీ కైఫీయత్తుల్లో (కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల స్థానిక చరిత్రల్లో) పొలిమేరలు చెప్పే తీరు తెలిసినవాళ్ల కోసం ఈ ప్రశ్న. తూర్పున చెరువుకట్ట, ఈశాన్యాన పుట్ట, దక్షిణాన వాగు అంటారు. వాటిని ఇప్పటి పటం మీద నిలబెట్టాలి.

చేతిలో గ్రామపటం, ఎఫ్‌ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పుస్తకం) నకళ్లు, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే సర్వే నంబర్లవారీ భూముల చిట్టా), 1:50,000 టోపోషీటు (సర్వే శాఖ భూస్వరూప పటం) ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఆర్‌లో గ్రామకంఠం (ఊరి ఇళ్ల స్థలం) రెండుచోట్ల రాసి ఉంది. ఒకటి ఇప్పటి ఊరు. రెండోది వాగు ఒడ్డున మెరక, దున్నితే నల్లపెంకులూ బూడిదమన్నూ తేలే చోటు. పాటిమన్ను (పొలాలకు ఎరువుగా తోలే పాత ఊరి మట్టి) కోసం సగం తోలేశారు కూడా. పాత ఊరు అదేనని అనుమానం.

ఎఫ్‌ఎంబీలో అక్షాంశ రేఖాంశాలు ఉండవు, కొలతలు లింకుల్లో (100 లింకులు అంటే 66 అడుగులు). క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గ్రామపటాన్ని మూడు ట్రైజంక్షన్ రాళ్లకు (మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోటి రాళ్లకు) కడితే తేడా సున్నా వచ్చింది. మూడు పాయింట్లకు పాలినామియల్ 1 (పటాన్ని సాగదీసి, వాల్చి అయినా కుదిర్చే పద్ధతి) ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఐదు రాళ్లతో హెల్మెర్ట్ (ఆకారం చెడకుండా పటాన్ని జరిపి, తిప్పి, సైజు మాత్రమే మార్చే పద్ధతి) పెడితే రాళ్లు బాగానే కుదిరాయి, వాగు మాత్రం 40 మీటర్లు పక్కకు పోయింది. జిరాక్సులో కాగితం సాగితే రాళ్ల దగ్గరా తేడా రావాలి కదా? మరి వాగే దారి మార్చిందనుకోవాలా?

ఆరో పాయింటుగా చెరువు తూమును నమ్మవచ్చా? కట్టను వెడల్పు చేసినా తూము అంత తేలిగ్గా కదలదని నా లెక్క. పైమాషీ (అంతకు ముందటి పాత కొలత) నంబర్లకూ తర్వాతి సర్వే నంబర్లకూ పొంతన చూపే పట్టిక తాలూకా రికార్డుల్లో ఏ పేరుతో అడగాలి?